దెయ్యం కుడుములు, భయం రెండు శాతం

దీపావళి సెలవులకు ముందు చివరి పనిరోజున, పొద్దున్న తొమ్మిదీ నలభైకి, నీలిగెడ్డవలస ప్రాథమిక పాఠశాలలో పిల్లలు ప్రతిజ్ఞ సగంలో ఉండగా నూకరత్నం టీచర్ ఫోను మూడుసార్లు మోగి ఊరుకుంది. మూడుసార్లు మోగిందంటే మండలం వాట్సాప్ గ్రూపులో ఉత్తర్వు పడిందని అర్థం. మొదటిది ఉత్తర్వు. రెండోది ఉత్తర్వుకి వివరణ. మూడోది ఆ రెండూ పాటించని వాళ్ళ మీద తీసుకోబోయే చర్య.

ఆ బడిలో పందొమ్మిది మంది పిల్లలు, ఒక్కతే టీచరు. నూకరత్నం వాళ్ళ ఇంటి మొత్తానికి డిగ్రీ చదివిన మొదటి మనిషి. అందుకేనేమో, అచ్చయిన కాగితమంటే ఆమెకి గౌరవం ఎక్కువ. మిగతా బళ్ళ టీచర్లు ఉత్తర్వులో ఆఖరి తేదీ ఒక్కటే చూసి ఫోను జేబులో పెట్టుకుంటారు. ఆమె మాత్రం 'విషయము' దగ్గర మొదలుపెట్టి, కింద నకళ్ళు ఎవరెవరికి వెళ్ళాయో అక్కడిదాకా చదివి గానీ తల ఎత్తదు.

ఆ రోజూ అలాగే చదివింది.

"విషయము: భయానంద చిరుతిండి దినోత్సవము, నిర్వహణ గురించి. తెలియజేయునది ఏమనగా, విదేశములలో బాలలు పండుగ సందర్భముగా దెయ్యముల ఆకారములో చిరుతిండ్లు తయారుచేయుచు, తద్వారా చేతివేళ్ళ నైపుణ్యమును, ధైర్యమును ఏకకాలమున సాధించుచున్నట్లు శాఖ దృష్టికి వచ్చియున్నది. కావున నరక చతుర్దశిని పురస్కరించుకొని అన్ని ప్రాథమిక పాఠశాలల యందు నేడే విద్యార్థులచే భయానక చిరుతిండి చేయించవలెను. సదరు చిరుతిండిని చూచి విద్యార్థి భయపడుచున్న ఫోటోను 'భయదర్శిని' యాప్ నందు మధ్యాహ్నం మూడున్నర లోపు అప్‌లోడ్ చేయవలెను. భయము అరవై శాతమునకు తగ్గరాదు. ధ్రువీకరణ పొందని చిరుతిండి జరగనట్లుగానే పరిగణించబడును. జరగని చిరుతిండిని విద్యార్థులకు వడ్డించుట నిషేధము. అట్టి పదార్థమును ఇద్దరు సాక్షుల సమక్షమున మూడడుగుల గోతిలో పూడ్చి, గోతి ఫోటో పంపవలెను."

నూకరత్నం రెండుసార్లు చదివి, వంటగది వైపు నడిచింది. మధ్యాహ్న భోజనం వండే పైడితల్లి పప్పు కడుగుతోంది.

"పైడితల్లమ్మా, ఇవాళ పిల్లల చేత దెయ్యాలు చేయించాలి."

"ఏ దెయ్యాలు తల్లీ?"

"తినే దెయ్యాలు. కుడుముల్లా ఆవిరి మీద ఉడికించేద్దాం. బియ్యప్పిండి ఉంది కదా?"

పైడితల్లి చేతిలో పప్పుగిన్నె కింద పెట్టేసింది. "ఓలమ్మా! దెయ్యాలకి కుడుములెట్టడం ఇన్నాను గానీ, దెయ్యాలే కుడుములవడం ఇదే సూడడం. మరి లోపలేటి ఎడదాం?"

"కొబ్బరి లౌజు."

"దెయ్యం కడుపులో బెల్లవా! అయితే మంచి దెయ్యవే. ఉండు, యాలక్కాయలు నేవు. మా ఇంట్లో నాలుగుండాలి, పట్టుకొచ్చేత్తాను."

పది దాటేసరికి పందొమ్మిది మందీ చేతులు కడుక్కుని వరండాలో బారుగా కూర్చున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో పిండిముద్ద, ఒక్కో లౌజుండ. కళ్ళకి మిరియాలు, పళ్ళకి నువ్వులు, నాలుకకి బీట్‌రూట్ ముక్క. ఆ బడి పుట్టాక అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. మొదటి ఐదు నిమిషాలే లెండి. ఆ తర్వాత అంత గోలా ఎప్పుడూ లేదు.

మూడో తరగతి అసిరి తన దెయ్యానికి మూడు కళ్ళు పెట్టాడు. "రెండు నిద్రపోతే ఒకటి కాపలా ఉంతాది టీచర్," అన్నాడు. రెండో తరగతి ఢిల్లేశ్వరి దెయ్యానికి రెండు జడలొచ్చాయి.

"అచ్చం మా నాయనమ్మే," అంది ఢిల్లేశ్వరి మురిసిపోతూ.

"మీ నాయనమ్మ బతికే ఉంది కదే!"

"ఉంది టీచర్. ఇప్పుడే ఈది ఈదంతా తిట్టేత్తంది. దెయ్యమైతే ఊరుకుంతాదా?"

ఒకటో తరగతి గవరయ్య ముందు మాత్రం ఒక గుండ్రటి ముద్ద ఉంది. కళ్ళు లేవు, కోరలు లేవు.

"ఇది దెయ్యమేనా నాన్నా?"

"దెయ్యవే టీచర్. సలేసి దుప్పటి కప్పుకుంది."

పందొమ్మిది దెయ్యాలూ ఇడ్లీ పాత్రలోకి ఎక్కాయి. పావుగంట తర్వాత పైడితల్లి మూత తీసేసరికి ఆవిరిలోంచి అవి మెల్లగా కనబడ్డాయి. ఉడికి ఉబ్బాయి. కళ్ళు దూరం దూరం జరిగాయి. నోళ్ళు చెవులదాకా సాగాయి. ఒళ్ళంతా చెమటతో, చుట్టాలింటికొచ్చి సుష్టుగా తిన్న వాళ్ళలా కూర్చుని నవ్వుతున్నాయి. ఢిల్లేశ్వరి నాయనమ్మ ఒక జడ పోగొట్టుకుని మరీ నవ్వుతోంది. పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి దొర్లారు. పైడితల్లి గుమ్మం పట్టుకుని నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది.

నూకరత్నం కూడా నవ్వేది. కానీ ఆమెకి ఉత్తర్వు గుర్తుంది. ఢిల్లేశ్వరిని దెయ్యాల పళ్ళెం ముందు నిలబెట్టి బడి ట్యాబ్‌తో ఫోటో తీసింది. ట్యాబ్ కాసేపు గిరగిరా ఆలోచించి చెప్పింది:

"ఆనందము 97 శాతము. భయము 2 శాతము. ఆకలి 1 శాతము. సదరు చిరుతిండి భయానకము కాదు. తిరస్కరించడమైనది."

అసిరిని నిలబెట్టింది. "భయపడినట్టు చెయ్యరా," అంది. వాడు ఊళ్ళో జాతరలో వేషం కట్టేవాళ్ళ ఇంటి పిల్లాడు. కళ్ళు తేలేసి, రెండు చేతులూ చెంపలకి కొట్టుకుని, "బాబోయ్, సచ్చిపోనాను!" అని వెనక్కి విరుచుకుపడ్డాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"నటన గుర్తించడమైనది. ఉపాధ్యాయుని మొదటిసారి హెచ్చరించడమైనది."

మధ్యాహ్నం పిల్లలు అన్నం సగమే తిన్నారు. మిగతా సగం చోటు దెయ్యాలకని అట్టేపెట్టుకున్నారు. "ఎప్పుడు పెడతారు టీచర్?" అని గవరయ్య ఐదుసార్లు అడిగాడు. ఆరోసారి అడగకుండా వచ్చి ఆమె చీరకొంగు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె యాప్ వాళ్ళ సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది.

"మీది ఏ మండలం మేడమ్?" అన్నాడు అవతల కుర్రాడు. ఆమె చెప్పింది. అతను జాలిగా నిట్టూర్చాడు. "మీ మండలం భయంలో బాగా వెనకబడి ఉంది మేడమ్. మీ పక్క మండలం చూడండి, ఎనభై ఎనిమిది శాతం!"

"వాళ్ళేం చేశారండీ?"

"చిరుతిండి పక్కన లెక్కల పరీక్ష పేపరు పెట్టారట మేడమ్. మంచి ఫలితాలొస్తున్నాయి. మీరూ ప్రయత్నించండి."

నూకరత్నం ఫోను పెట్టేసింది. చింతగింజలతో, గోళీలతో, గుమ్మడి విత్తనాలతో ఆ పిల్లలకి లెక్కల భయం వదిలించడానికి ఆమెకి మూడేళ్ళు పట్టింది. ఒక్క ఫోటో కోసం దాన్ని వెనక్కి పిలవడం ఆమె వల్ల కాదు.

రెండున్నరకి జీపొచ్చి ఆగింది. మండల విద్యాధికారి, అంటే ఎంఈవో, ఉమాకాంత పట్నాయక్ దిగారు. యాభై నాలుగేళ్ళ మనిషి, తెల్ల చొక్కా, దువ్విన మీసం, చంకలో రెండు ఫైళ్ళు. మండలంలో నలభై రెండు బళ్ళకి నలభై ఒకటి ధ్రువీకరణ పొందాయి. మిగిలిన ఆ ఒక్క బడీ ఎందుకు మిగిలిందో చూడడానికి స్వయంగా వచ్చారు.

"ఏమ్మా, విద్యార్థుల్లో భయం ఎందుకు సాధించలేకపోయారు?"

"భయపడ్డం లేదండి. నవ్వుతున్నారు."

"నవ్వుట ఉత్తర్వులో లేదు." ఆయన పై ఫైలు విప్పారు. "ఈ ఉత్తర్వు ప్రకారం భయపెట్టవలెను." కింది ఫైలు విప్పారు. "నిరుటి బాలల సంరక్షణ ఉత్తర్వు ప్రకారం ఏ విద్యార్థినీ ఏ కారణం చేతనూ భయపెట్టరాదు. రెండూ అమలులో ఉన్నవి. మనం రెంటి మధ్యా పని చేయవలెను."

"రెంటి మధ్యా ఏముంటుందండీ?"

"మనమే ఉంటామమ్మా," అన్నారు పట్నాయక్ గారు ఎంతో నిజాయితీగా.

ఆలోచించగా ఆయనకే దారి దొరికింది. భయపడుటకు అభ్యంతరం లేదని తల్లిదండ్రులు రాసి ఇస్తే రెండు ఉత్తర్వులకీ సరిపోతుంది. తల్లిదండ్రులంతా జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిలో ఉన్నారు. అయితే పిల్లలే చేతులెత్తినా చాలన్నారు. భయపడడం ఇష్టమైన వాళ్ళు చెయ్యెత్తమంటే, పందొమ్మిది మందీ రెండేసి చేతులెత్తారు. ముప్పై ఎనిమిది అంగీకారాలుగా ఆయన నమోదు చేసుకున్నారు.

తర్వాత కుర్చీ లాక్కుని దెయ్యం కథ మొదలెట్టారు.

"ఒకానొక గ్రామమున ఒక దెయ్యము కలదు. సదరు దెయ్యము ప్రతి దినము సాయంత్రము ఆరు గంటల నుండి ఉదయము ఆరు గంటల వరకు సంచరించుచుండెను..."

"పగలేటి సేస్తాది సార్?" అన్నాడు అసిరి.

పట్నాయక్ గారు ఆగారు. కథలో ఈ అంశం ముందుగా పరిశీలించలేదు. "పగలు... సెలవులో ఉండును."

"జీతమొస్తాదేటి దానికి?" అంది ఢిల్లేశ్వరి.

బడి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ట్యాబ్ కొత్త లెక్క చూపించింది: ఆనందము 98, భయము 1. "ఒక శాతం తగ్గింది సార్," అంది నూకరత్నం, దాచకుండా.

ఆయన గడియారం చూసుకున్నారు. మూడు దాటి ఐదు నిమిషాలు. లేచి, గొంతు సవరించుకుని, "ముందుజాగ్రత్త చర్యగా గొయ్యి సిద్ధం చేయించండి," అన్నారు.

అప్పుడు నవ్వులు ఆగిపోయాయి.

"గొయ్యెందుకు టీచర్?" అన్నాడు గవరయ్య.

నూకరత్నం గొయ్యి సంగతి పైడితల్లి చెవిలో వేసింది. ఉత్తర్వులో ఏముందో పైడితల్లే వాళ్ళకి చెప్పింది. ఢిల్లేశ్వరి వెళ్ళి పళ్ళెం మీద బోర్లా వంగి, రెండు చేతులూ అడ్డం పెట్టింది. గవరయ్య గెడ్డం వణికింది. ట్యాబ్‌లో కెమెరా ఇంకా తెరిచే ఉంది. అది తనంతట తానే చెప్పింది: "దుఃఖము 81 శాతము. ఈ యాప్ నందు దుఃఖమునకు అవకాశము లేదు."

"గొయ్యి తవ్వమంటే తవ్వుతాను బాబూ," అంది పైడితల్లి నడుం మీద చెయ్యేసుకుని. "మా అరటిపిలక పాతుకుంతాను. కుడుములు మాత్రం గోతిలో ఎట్టనియ్యను. పిల్లగుంటలు పొద్దుట్నించి సేసుకున్నారు, పేర్లెట్టుకున్నారు. జరగనేదంటే ఎలాగ? నా సేత్తో దించినాను కదా పొయ్యి మీద నించి!"

"నీ చేత్తో దించితే సరిపోదమ్మా. ధ్రువీకరణ కావాలి."

నూకరత్నం ట్యాబ్ ఢిల్లేశ్వరి చేతిలో పెట్టి, ఆయన పక్కకి వెళ్ళింది. ఇంకో అరగంట గడువడుగుదామని. ఆమె ఉద్యోగంలో చేరాక గడువడగడం అదే మొదలు. గొంతు సరిచేసుకునే లోపల పట్నాయక్ గారి ఫోను మోగింది.

ఆయన ఫోను వైపు చూశారు. 'జిల్లా మేడమ్' అని వెలుగుతోంది.

పట్నాయక్ గారి మొహంలో రక్తం దిగిపోయింది. మీసం కొసలు వాలాయి. ఆయన ఒకటో తరగతి పిల్లల బల్ల మీద కూలబడ్డారు. సరిగ్గా ఎదురుగా, దుప్పటి కప్పుకున్న గవరయ్య దెయ్యం.

"నమస్కారం మేడమ్... మ్యాపులో ఎరుపా మేడమ్?... మా మండలం ఒక్కటేనా మేడమ్?... జిల్లా మొత్తంలోనా?... నేనే వచ్చాను మేడమ్, క్షేత్రస్థాయిలోనే ఉన్నాను... నన్నా మేడమ్? సంజాయిషీయా?..."

క్లిక్.

ఢిల్లేశ్వరి చేతిలో ట్యాబ్ పండగ సంగీతం వాయించింది. అలాంటి సంగీతం దానిలో ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"భయము 99 శాతము! నటన లేదు. జిల్లాలోనే అత్యధిక భయము. అభినందనలు!"

"సార్ గారు ఫస్టొచ్చేసినారు!" అని అసిరి గంతేశాడు. పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. ఫోనులో మేడమ్ గొంతు కూడా మారిపోయింది. మీ మండలం ఇప్పుడే పచ్చరంగులోకి వస్తోంది, మిగతా దశలు మూడున్నర లోపు పూర్తి చెయ్యండని చెప్పి పెట్టేసింది.

మిగతా దశలు అక్కడే మొదలయ్యాయి.

"ఈ ముఖము పాఠశాల హాజరు రికార్డులలో లేదు. విద్యార్థి పేరు నమోదు చేయుడు."

"ఎవరిదో ఒకరి పేరు వేసెయ్యండమ్మా," అన్నారు పట్నాయక్ గారు చెమట తుడుచుకుంటూ. "ఆ అసిరి పేరు వెయ్యండి."

"అసిరికి మీసాల్లేవు సార్."

"అది అంత పరిశీలించదులెండి."

"తప్పుడు పేరు వెయ్యను సార్. తప్పుడు పేరు వేసిన వాళ్ళ మీద శాఖాపరమైన చర్య అని పొద్దున్న మూడో మెసేజీలో ఉంది. మీరే పంపారు."

గోడ గడియారంలో మూడూ పద్దెనిమిది. నూకరత్నం 'కొత్త విద్యార్థి' అన్న గడి నొక్కింది.

పేరు, ఉమాకాంత పట్నాయక్. తల్లి పేరు? ఆయన చెప్పారు. పుట్టిన తేదీ వేయగానే యాప్ ఒక నిమిషం బిగుసుకుపోయింది. వయసు మించినది అంది. తర్వాత దయ తలిచి, 'బడి మానేసిన బాలల పునఃప్రవేశము' అనే దారి చూపించింది. బడి మానేయుటకు కారణము? మూడే ఉన్నాయి: పశువుల కాపలా, వలస, ఉద్యోగం.

"ఉద్యోగం," అన్నారు పట్నాయక్ గారు.

తరగతి, ఒకటి. చేరిక పూర్తయింది. ఆఖరి దశ ఒక్కటే మిగిలింది: "భయపడిన విద్యార్థి, తోటి విద్యార్థులందరితో నేలపై కూర్చుని, సదరు చిరుతిండిని భుజించుచున్న ఫోటో. భయానంతర ఆనందము 80 శాతమునకు తగ్గరాదు."

నూకరత్నం దాన్ని ఒకసారి మనసులోను, ఒకసారి పైకీ చదివింది. 'తోటి విద్యార్థులందరితో' అన్న చోట ఆమె గొంతు లేచింది. "అందరూ తినమని ఉత్తర్వే చెప్తోంది! కూర్చోండర్రా! పైడితల్లమ్మా, పళ్ళాలు!"

బారు కట్టి కూర్చున్నారు. ఒకటో తరగతి కాబట్టి పట్నాయక్ గారు గవరయ్య పక్కన కూర్చున్నారు. దెయ్యాలు పందొమ్మిది, పిల్లలు ఇరవై. పైడితల్లి ఖాళీ పాత్ర చూపించింది. గవరయ్య తన దుప్పటి దెయ్యాన్ని కాసేపు చూసుకుని, రెండుగా విరిచి, ఒక ముక్క ఆయన పళ్ళెంలో వేశాడు.

"కాళ్ళేపు నీది. తల నాది. సరేనా?"

"సరే," అన్నారు ఆయన.

మూడూ ఇరవై నాలుగుకి పందొమ్మిది తలలు ఒక్కసారి కొరకబడ్డాయి. పట్నాయక్ గారు అంచు మాత్రం కొరికారు. ఆనందము 41. ఇంకొంచెం కొరికితే లౌజు తగిలింది. కొబ్బరి, బెల్లం, పైడితల్లి ఇంటి యాలకులు. ఆయన నమలడం నెమ్మదించింది. 72.

"ఇంకొంచెం సార్!" అంది నూకరత్నం ట్యాబ్ పట్టుకుని. మూడూ ఇరవై ఏడు.

అప్పుడే అసిరి తన దెయ్యం మూడో కన్ను నమిలాడు. మిరియం భగ్గుమంది. "ఓలమ్మో! దెయ్యం కరిసేసింది టీచర్!" అని లేచి, నాలుక బయటపెట్టి, కుళాయి వైపు పరుగెత్తాడు. వెనకాలే, "కాపలా కన్నురా అది, ఊరుకుంతాదా!" అంది ఢిల్లేశ్వరి. పట్నాయక్ గారికి పొలమారింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత తెల్ల చొక్కా మీద బెల్లం పడ్డా చూసుకోకుండా నవ్వారు. గవరయ్య ఆయన వీపు మీద దబదబా కొట్టాడు.

"ఆనందము 100 శాతము. చిరుతిండి జరిగినట్లు ధ్రువీకరించడమైనది."

మూడూ ఇరవై ఎనిమిది.

నూకరత్నం ట్యాబ్ పక్కన పెట్టి గోడకి చేరగిలబడింది. పొద్దుట్నుంచి దాచుకున్న నవ్వంతా అప్పుడు వచ్చింది. ఇంటి గంట కొట్టడం రెండు నిమిషాలు ఆలస్యమైంది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. పట్నాయక్ గారు పళ్ళెం కడిగి, తిరిగి జీపెక్కే ముందు వంటగదిలోకి తల పెట్టి, ఎవరూ వినడం లేదనుకుని, "లౌజు ఇంకేటైనా మిగిలిందేటమ్మా?" అని అడిగారట. ఆయన నోట ఆ యాస తాను ఎప్పుడూ వినలేదని పైడితల్లి తర్వాత ఊరంతా చెప్పింది.

సెలవులయ్యాయి. బళ్ళు తెరిచిన పదో రోజున మండలాఫీసుకి జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. నకలు నూకరత్నానికి కూడా.

"నీలిగెడ్డవలస పాఠశాల, ఒకటవ తరగతి విద్యార్థి చిరంజీవి ఉమాకాంత పట్నాయక్ సెలవుల అనంతరం తొమ్మిది దినములుగా గైర్హాజరు అగుచున్నట్లు గమనించడమైనది. మండల విద్యాధికారి స్వయముగా సదరు బాలుని ఇంటికి వెళ్ళి, చదువు విలువను వివరించి, బాలుని బడికి పంపవలెను. అధికారియు, బాలుడును ఒకే ఫోటోలో కనిపించవలెను."

పట్నాయక్ గారు ఉత్తర్వులు ధిక్కరించే మనిషి కాదు. ఆ సాయంత్రమే తన ఇంటికి తనిఖీకి వెళ్ళారు. కాలింగ్ బెల్ కొట్టారు. భార్య తలుపు తీసి, "తాళం మర్చిపోయారా?" అంటే, ఇది ఆఫీసు పని అన్నారు. హాల్లో నిలువుటద్దం ముందు నిలబడి ఫోటో తీసుకుని, పది నిమిషాలసేపు చదువు విలువ వివరించారు. లోపల్నుంచి ఆవిడ, ఎవరితో మాట్లాడుతున్నారని మూడుసార్లు అడిగింది.

మర్నాడు ప్రార్థన వరుస చివర తెల్ల చొక్కాలో ఒక పొడుగాటి విద్యార్థి నిలబడ్డాడు. ప్రార్థనయ్యాక అందరూ తరగతిలో కూర్చున్నారు, నూకరత్నం హాజరు పుస్తకం తెరిచింది. ఒకటో తరగతి పేర్లు ఒక్కొక్కటీ పిలిచి, ఆఖరి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగింది. పుస్తకంలో ఉన్న పేరు పిలవకపోవడం ఆమెకి చేతకాదు.

"ఉమాకాంత పట్నాయక్!"

"ప్రెజెంట్, టీచర్."

"పది రోజులు ఎందుకు రాలేదు?"

పిల్లలంతా వెనక్కి తిరిగి చూశారు. ఆయన లేచి చేతులు కట్టుకుని, తల వంచుకున్నారు.

"నిన్న ఎంఈవో గారు మా ఇంటికొచ్చి బాగా కోప్పడ్డారు టీచర్. ఇంక మానను."

"సరే, కూర్చో," అంది నూకరత్నం.